గాలి నాది

ఫిబ్రవరి 9

చిరంజీవి బొంగరానికి,

నానమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్న కోపం కూడా ఆరోగ్యంగానే ఉంది. వేళకి లేస్తోంది, వేళకి తింటోంది.

నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "బాగున్నా నానమ్మా, తిన్నా నానమ్మా, ఉంటా నానమ్మా" తప్ప ఇంకో వాక్యం నీ నోట రాలేదు. ఉద్యోగం చేసినంత కాలం ఆడపిల్లలకి వ్యాకరణం చెప్పినదాన్ని. మూడు వాక్యాల మనవరాలితో నాకు సరిపోదు. పైగా నా కుడి చెవి ఈమధ్య తనకి ఇష్టమైనవే వింటోంది. కాబట్టి ఉత్తరం రాయి. కాగితం మీద, కలంతో, ఒత్తులు ఎక్కడివక్కడ పెట్టి.

మీ నాన్న నీకోసం కుట్టించిన తెల్ల కోటు కళ్ళజోళ్ళ షాపులో తలుపు వెనక ఇంకా అలాగే వేలాడుతోంది. "కళ్ళ పరీక్షల చదువు చదివించింది సైకిల్ తొక్కడానికా?" అని రోజూ షట్టరు ఎత్తగానే ఆ కోటుని అడుగుతున్నాడు. కోటు ఏమీ చెప్పడం లేదు. మీ అమ్మదీ కోటు దారే.

ఒప్పందం మర్చిపోలేదు కదా. ఒక్క సీజను. సెప్టెంబరులో ఆఖరి రేసు అయ్యాక మీ టీమువాళ్ళు వచ్చే ఏడాదికి నిన్ను ఉంచుకుంటామంటే ఉంటావు. అక్కర్లేదంటే వచ్చి కోటు తొడుక్కుంటావు, మళ్ళీ సైకిల్ మాట ఎత్తవు. దానికి పూచీ పడ్డది నేను. ఈ వయసులో మాట పోగొట్టుకుంటే మళ్ళీ సంపాదించుకునే తీరిక ఉండదు.

ఇంతకీ అక్కడ నీ పని ఏమిటి? మీ నాన్న అడిగితే "సైకిల్ తొక్కుతుంది" అన్నాను. "పాలవాడూ తొక్కుతాడు" అన్నాడు. నిజమే కదా అనిపించింది. అందుకని వివరంగా రాయి. కర్త, కర్మ, క్రియ మూడూ ఉండాలి.

నీ తరఫున వాదించి గొంతు పోగొట్టుకున్న
నానమ్మ


ఫిబ్రవరి 21

నానమ్మా,

ఈ ఇంట్లో కలం దొరకడమే గగనం. మెకానిక్ దగ్గర అడుక్కొచ్చా. పైన ఉన్న మరక గ్రీజు, దాన్ని విసర్గ అనుకోకు.

మేముండేది రెండంతస్తుల ఇల్లు. కింద హాలు నిండా సైకిళ్ళే, గోడ కొక్కేలకి వేలాడుతుంటాయి. సోఫా ఒకటుంది గానీ దాని మీద ఎప్పుడూ చక్రాలు కూర్చుని ఉంటాయి, మేం నేల మీద కూర్చుంటాం. పైన గదికి ఇద్దరం. వాషింగ్ మెషిను నీ బొంగరం కంటే ఎక్కువ తిరుగుతుంది. పొద్దున్నే ఎవరు ముందు లేస్తే వాళ్ళకి వేడి నీళ్ళు, మిగతావాళ్ళకి జ్ఞానోదయం.

మా లీడర్‌ని అందరం అక్క అంటాం. ఆఖరి కిలోమీటరులో ఆవిడకి ఎదురు లేదు. మమ్మల్ని నడిపించేది మేడమ్. ఒకప్పుడు పెద్ద రేసరు. ఇప్పుడు మా వెనక కార్లో కూర్చుని రేడియోలో మా చెవుల్లోకి మాట్లాడుతుంది. ఆవిడ నిఘంటువులో మెచ్చుకోలుకి ఒకటే మాట, "ఊఁ". నిరుడు ఒకమ్మాయి వాళ్ళ నాన్న ఫోన్ చేసి "మా పిల్లని కాస్త చూసుకోండి" అన్నాడట. ఆ తర్వాత ఆ పిల్లని ఇంట్లోనే చూసుకున్నారట. ఇంటినుంచి ఫోన్లు చేయించేవాళ్ళంటే మేడమ్‌కి ఒళ్ళు మంట.

ఇక నా పని. నువ్వడిగినట్టే రాస్తున్నా. రేసులో ఒక్కొక్కరికి ఒక్కో పని. కొండ ఒకరిది, ఆఖరి పరుగు అక్కది, గాలి నాది. మొదలైన దగ్గర్నుంచి అక్క చివర్లో దూకేదాకా గాలి సంగతి నేనే చూసుకోవాలి. సరిగ్గా చేస్తే చేసినట్టు ఎవరికీ తెలియదు. చెయ్యకపోతే అక్క పని అయిపోతుంది.

కర్త నేను. కర్మ గాలి. క్రియ ఏం రాయాలో తెలియడం లేదు. మేం ఇక్కడ ఊరికే "గాలి నీదే" అనుకుంటాం. నువ్వే ఏదో ఒకటి పెట్టు.

కాళ్ళు తప్ప అన్నీ బాగున్న
నీ బొంగరం


మార్చి 4

చిరంజీవి బొంగరానికి,

ఉత్తరం అందింది. మరక విసర్గ కాదని చెప్పినందుకు సంతోషం, నేను రెండు సార్లు పలికి చూశాను.

క్రియ కోసం అంత వెతుక్కోవాలా? "కొట్టు" అనే ధాతువు బంగారంలా ఉండగా. గాలి, కొట్టు. పూర్తయింది వాక్యం.

ఏ పనీ చిన్నది కాదని ప్రతి ఏడాదీ పిల్లల చేత వ్యాసం రాయించినదాన్ని. ఇప్పుడు సొంత మనవరాలి దగ్గరికొచ్చేసరికి కాదంటే ఆ వ్యాసాలకి వేసిన మార్కులన్నీ వెనక్కి తీసుకోవాలి. కాబట్టి చిన్నది కాదు. నువ్వు చేసే పని ఏదైనా నాకు గొప్పదే. మీ నాన్నకి మాత్రం ఆ మాట చూపించలేదు. "టీము బరువంతా దాని చేతుల మీదే ఉంది" అన్నాను. అబద్ధం కాదు కదా.

నడుం జాగ్రత్త. అది వంగి వంగి చేసే పని. మధ్యమధ్యలో నిటారుగా నిలబడి ఊపిరి తీసుకో. అక్క ఒక్కదానిదే చూస్తావా, అందరిదీ నీ నెత్తినేనా? అందరిదీ అయితే వంతులు పెట్టుకోమని చెప్పు, మొహమాటపడకు.

విడిగా ఒక పార్సెలు పంపుతున్నాను. మీ తాతయ్య ఇత్తడి పంపు. అటక మీద ఆయన సైకిలు పక్కనే ఉంది. లోపల తోలు వాషరు ఎండిపోతే కొత్తది వేయించాను. నీకు పనికొస్తుంది. అక్కడ ఇచ్చేవి ఎలాంటివో ఏమో.

మీ అమ్మ నీ గదిలో దుప్పట్లు మార్చింది. పడుకునేవాళ్ళు లేకుండా ఎందుకు మార్చావంటే, మాసిపోయాయి అంది.

నీ
నానమ్మ


ఏప్రిల్ 17

నానమ్మా,

అక్క గెలిచింది. ఈ సీజన్లో మొదటి గెలుపు. ఇంకా చెవుల్లో ఆ గోలే ఉంది.

నువ్విచ్చిన క్రియ భలే సరిపోయింది. ఆదివారం పొద్దున్నుంచి కొట్టుడే కొట్టుడు. వంతులు పెట్టుకోమన్నావు గానీ, నాతో ఉండాల్సిన పిల్లకి కడుపునొప్పి, అందరిదీ నేనొక్కదాన్నే చూశా. భుజాలు పట్టేశాయి, చేతులు లాగేశాయి, రాత్రి చెంచా ఎత్తలేకపోయా, పక్కపిల్ల తినిపించింది. చివర్లో నా పని అయిపోగానే అందరూ నన్ను వదిలేసి తుర్రుమన్నారు. అప్పుడు నేను మెల్లగా ఒక్కదాన్నే తొక్కుకుంటూ వచ్చా. ఎనభై మూడో స్థానం. వెనకబడ్డవాళ్ళని ఎక్కించుకునే వ్యాను డ్రైవరు నాతో కబుర్లాడుతూ పక్కనే వచ్చాడు.

అక్క నన్ను పట్టుకుని వదల్లేదు. మేడమ్ "ఊఁ" అంది. నానమ్మా, నాకు "ఊఁ" వచ్చింది.

పంపు చూసి మెకానిక్ మురిసిపోయాడు. రోజూ తుడిచి హాల్లో టీవీ పక్కన నిలబెడుతున్నాడు. తాతయ్య గుర్తుగా పంపావని చెప్పా.

తిన్నా నానమ్మా. ఉంటా నానమ్మా.
బొంగరం


ఏప్రిల్ 29

చిరంజీవి బొంగరానికి,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. నీ మీద కాదు.

ఎనభై మూడు అనే అంకె నీ ఉత్తరం కంటే ముందే కంప్యూటర్లో మీ నాన్నకి దొరికింది. అంకె వంక చూశాడు, నా వంక చూశాడు, కోటు వంక చూశాడు. ఏదో ఒకటి అంటే బాగుండేది, నా దగ్గర జవాబులున్నాయి.

ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది, సంగతంతా అర్థమైంది. అంతమంది సైకిళ్ళకి నీ ఒక్కదాని చేత గాలి కొట్టించి, నీ చేతులు పడిపోయాక, నిన్ను వదిలేసి వాళ్ళు బయల్దేరిపోతే, ఆ వెనక మెల్లగా బయల్దేరినదానివి ఎనభై మూడు కాక ఏమవుతావు? అసలు ఎనభై మూడు రావడమే గొప్ప. వాళ్ళతో పాటే నిన్నూ బయల్దేరనిచ్చి ఉంటే ఎక్కడుండేదానివి? గాలి కొట్టడానికే అయితే అంత దూరం వెళ్ళాలా, మన వీధి చివర సైకిల్ షాపులో చేరితే రోజూ ఇంటికొచ్చి అన్నం తినేదానివి.

ఇంటినుంచి ఫోన్ చేస్తే మీ మేడమ్‌కి పడదని రాశావు. ఉత్తరం పడదని రాయలేదు. కాబట్టి ఉత్తరం రాశాను. నకలు ఇది:

"గౌరవనీయులైన మేడమ్ గారికి, మీ టీములో గాలి పని చేస్తున్న అమ్మాయి నా మనవరాలు. కష్టానికి వెనకాడే పిల్ల కాదు. అయినా ఆమెను ఆ పని నుంచి తప్పించి, మిగతావారితో సమానంగా పోటీపడే అవకాశం ఇవ్వగలరు. గాలి పనికి వేరే మనిషిని పెట్టుకోగలరు. ఇట్లు, విశ్రాంత భాషోపాధ్యాయిని."

మర్యాదకి లోటు లేదు, ఒక్క అక్షరదోషం లేదు. నిన్ననే పోస్టు చేశాను. ఇక చూడు.

నీ పక్షాన నిలబడ్డ
నానమ్మ


మే 12

నానమ్మా,

నీ "కొట్టు" ధాతువు మన కొంప ముంచింది.

నేను ఎవరి టైర్లకీ గాలి కొట్టను. దానికి మెకానిక్ ఉన్నాడు, కరెంటు పంపు ఉంది. నా పని ఎదురుగాలి. మేం పోయే వేగానికి గాలి గోడలా నిలబడుతుంది. ముందున్న మనిషి ఆ గోడని తోసుకుంటూ పోవాలి. వెనక చక్రానికి చక్రం ఆనించినట్టు ఉన్న మనిషికి ఆ గాలి తగలదు, సగం శ్రమ మిగిలిపోతుంది. నేను ముందు, అక్క వెనక. రోజంతా అక్క ఒంట్లో బలం దాచిపెట్టి, ఆఖర్న ఆవిడకి అప్పజెప్పి, నేను పక్కకి తప్పుకుంటాను. అప్పటికి నా దగ్గర ఏమీ మిగలదు. అందుకే ఎనభై మూడు. అందుకే అక్క ఒకటి. ఆ ఒకటిలో నా ఎనభై మూడు ఉంది నానమ్మా. అది సిగ్గుపడే అంకె కాదు.

పొద్దున్న గుడ్లు ఒలుచుకుంటుంటే మేడమ్ వచ్చి నీ ఉత్తరం నా కంచం పక్కన పెట్టింది. "గాలి పని తప్పించమన్నావట. తప్పించాను" అంది. నేను రాయించలేదన్నా. "గాలి పని అనే మాట మీ నానమ్మకి కలలో వచ్చిందా?" అంది. నేనే కదా రాసింది.

ఇప్పుడు నేను రిజర్వు. అందరూ రేసుకెళ్తే నేను హాల్లో సైకిళ్ళతో, తాతయ్య పంపుతో కూర్చుంటున్నా. సెప్టెంబరు రేసుకి ఆరుగురు వెళ్తారు. బోర్డు మీద ఐదు పేర్లే రాసింది. ఆరో గడి ఖాళీ. ఆ రేసులో లేకపోతే వచ్చే ఏడాది కూడా లేనట్టే.

నీ మంచితనానికి నేను ఏమీ అనలేను, అదే నా బాధ. కోటు ఉతికించి పెట్టు.

బొంగరం


మే 27

చిరంజీవి బొంగరానికి,

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. ఒకసారి నీ కోపం కోసం, ఒకసారి నా తెలివితక్కువతనం కోసం, ఒకసారి ఒత్తులు సరిచూడ్డానికి. ఒత్తులు బాగున్నాయి.

నువ్వు రాసింది నమ్మాను గానీ అర్థం కాలేదు. గాలి గోడ ఏమిటి, నీ మొహం? అందుకని మీ నాన్నని స్కూటరు తియ్యమన్నాను. ఎక్కడికన్నాడు. పెద్ద రోడ్డు మీదికి అన్నాను. పనేమిటన్నాడు. పాఠం అన్నాను.

రోడ్డు ఖాళీగా ఉంది. వేగం పెంచమన్నాను. ఎప్పటిలాగే వెనక హాయిగా కూర్చున్నాను. ఏ గాలీ లేదు. "ఇప్పుడు వంగు" అన్నాను. "ఎందుకమ్మా?" అన్నాడు. "వంగరా, చెప్తాను" అన్నాను. వాడు వంగాడు.

ఏం చెప్పను. నా కళ్ళజోడు ముక్కు మీది నుంచి చెవి దాకా ప్రయాణం చేసింది. జుట్టు ముడి విడిపోయింది. నోరు తెరిచానేమో, గాలి వచ్చి మాటని మళ్ళీ లోపలికి తోసేసింది. నా జీవితంలో నా నోరు మూయించింది అదొక్కటే.

"లే, లే" అని వాడి వీపు మీద కొట్టాను. లేచాడు. మళ్ళీ గాలి లేదు.

ఆ స్కూటరు మీద అదే చోట ఇన్నేళ్ళుగా కూర్చుంటున్నానే, ఆ రోడ్డు మీద గాలి ఉండదనే అనుకున్నాను. వాడి వీపు ఉందని అనుకోలేదు.

దిగాక వాడికి మొత్తం చెప్పాను. నీ పని, నా క్రియ, మీ మేడమ్, ఖాళీ గడి. చొక్కా గుండీలు సవరించుకుంటూ విన్నాడు. చివరికి "అంటే అది చేసేది ఎవరికీ కనపడదా?" అన్నాడు. కనపడదన్నాను. "అంకెలో కూడా కనపడదా?" అన్నాడు. "నువ్వు కళ్ళజోళ్ళు అమ్మేవాడివి, నన్నడుగుతావేం?" అన్నాను.

నీ పనికి వ్యాకరణంలో పేరు దొరికింది. "కొరకున్, కై" అని చిన్నప్పుడు వల్లె వేయించాను గుర్తుందా, చతుర్థీ విభక్తి. ఒంటరిగా నిలబెడితే అర్థం లేదు. తీసేస్తే వాక్యం నిలబడదు.

మీ మేడమ్‌కి రెండో ఉత్తరం రాశాను. ఇది కూడా చెప్పకుండానే పంపాను, కోప్పడితే పడు:

"మేడమ్ గారికి, నా కిందటి ఉత్తరంలో క్రియ తప్పు. మనవరాలు గాలి నాది అని రాస్తే నేను కొట్టు అని చదువుకున్నాను. మోయు అని చదువుకోవలసింది. ఆమె టైర్లకు గాలి కొడుతోందనుకుని ఆ ఉత్తరం రాశాను. ఆమె నాకు చెప్పింది తన పని గురించి, గర్వంగా. ఫిర్యాదు నాది, అజ్ఞానమూ నాదే. గాలి ఆమెది. దయచేసి ఆమెకు తిరిగి ఇచ్చేయండి. ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాలంటే నన్ను రిజర్వులో పెట్టుకోండి, నాకు వేరే పని లేదు."

కోటు ఉతికించలేదు. దుమ్ము పట్టనీ.

గాలి రుచి చూసిన
నానమ్మ


ఆగస్టు 30

నానమ్మా,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి మంచి మాట ఉంటేనే రాద్దామనుకున్నా.

నీ రెండో ఉత్తరం మేడమ్ కార్లో, ఎండ తగలకుండా కిందికి దించే రేకు వెనక దోపి ఉంటుంది. చదివిన రోజు నవ్విందట. ఆవిడ నవ్వడం నేను చూడలేదు, మెకానిక్ చూశాడట, ఇంకెవరూ నమ్మడం లేదు. కానీ గడి నింపలేదు. "మీ నానమ్మ తప్పు ఒప్పుకుంది. నువ్వు ఇంకా తొక్కి చూపించలేదు" అంది.

చూపించా. పొద్దున్నే అందరూ లేవకముందే వెళ్ళి, ఎదురుగాలి ఎటుంటే అటే తొక్కా. వచ్చేటప్పుడు వీపు మీద గాలి పడుతుంది కదా, అప్పుడు మళ్ళీ వెనక్కి తిరిగేదాన్ని. వీధిలో వాళ్ళు దారి తప్పిన పిల్ల అనుకున్నారు.

జూలై రేసులో నేను లేను. అక్క పందొమ్మిదోది వచ్చింది. బస్సెక్కి హెల్మెట్టు తీసి మేడమ్‌తో ఒకటే మాట అంది: "నాకు గాలి తగిలింది."

నిన్న సాయంత్రం బోర్డు మీద ఆరో పేరు రాశారు. నాది.

ఆఖరి రేసు సముద్రం పక్కన. దారి పొడవునా చెట్టు లేదు, గోడ లేదు. అక్కడ గాలి ఎదురుగా రాదు, పక్కనుంచి తోస్తుంది. అప్పుడు ఒకరి వెనక ఒకరం కాదు, రోడ్డుకి అడ్డంగా ఏటవాలుగా వరస కట్టాలి. రోడ్డు వెడల్పు ఎంతో వరస అంతే. అందులో చోటు దొరికినవాళ్ళు దొరికినట్టు, మిగతావాళ్ళు రోడ్డు అంచున గాలికి కొట్టుకుపోతారు. ఎవరు ముందు తెగించి లాగితే రేసు వాళ్ళది. "ఎప్పుడు లాగాలో నువ్వే చెప్పు" అంది మేడమ్. నాతో.

టీవీలో వస్తుంది. నాన్నకి చెప్పకు. చెప్పినా ఫర్వాలేదు.

బొంగరం


సెప్టెంబరు 15

నానమ్మా,

గెలిచాం.

సగం దూరం దాకా ఏమీ లేదు. అందరూ ముద్దగా, కబుర్లాడుకుంటూ. ఉప్పు మడులు దాటాక రోడ్డు ఎడమకి తిరిగే మలుపు ఒకటి ఉంది. ముందురోజు చూసి వచ్చా. అక్కడ ఒక దుకాణం గుడ్డ పందిరి ఉంటే, అది ఎటు ఎగురుతోందో దూరం నుంచే చూశా. రోడ్డు మీదికి ఎగురుతోంది. రేడియోలో "ఇప్పుడు" అన్నా. ఒక్క మాటే. ఆరుగురం ఒకేసారి లేచి లాగాం.

గాలి వచ్చి కుడి వైపు మొత్తం తగిలింది. సైకిలు కింద నుంచి జారిపోతున్నట్టుంది. నేను ముందు, నా ఎడమ భుజానికి కాస్త వెనగ్గా అక్క. తల తిప్పి చూస్తే, అంతసేపూ ముద్దగా ఉన్న ఆ గుంపు దారం తెగిన పూసల్లా రోడ్డంతా పడి ఉంది. మాతో మిగిలింది కొద్దిమంది. పెద్ద పెద్ద టీముల లీడర్లు రోడ్డు అంచున ఒక్కొక్కరే కొట్టుకుంటున్నారు.

ఆ తర్వాత నాకు గుర్తున్నది చప్పుడే. చెవిలో మేడమ్ "ఇంకాస్త, ఇంకాస్త" అంటూనే ఉంది. మా టీము పిల్లలు వంతు తీసుకోవడానికి వచ్చారు, ఒప్పుకున్నా, మళ్ళీ ముందుకొచ్చా. నీ స్కూటరు కథ గుర్తొచ్చి మధ్యలో నవ్వా, నోట్లోకి ఇసుక వెళ్ళింది. ఊరి మొదట్లో ఇళ్ళు కనబడగానే అక్క నా వీపు మీద చెయ్యి వేసి "చాలు, ఇక జరుగు" అంది. పక్కకి తప్పుకున్నా. అక్క నా పక్కనుంచి వెళ్ళిన వేగం చూశావా? రోజంతా దాచిపెట్టిందంతా ఒక్కసారి తీసింది.

నేను వచ్చేసరికి ఆఖరి గీత దగ్గర ఊడవడం మొదలెట్టారు. ఎన్నో స్థానమో అడగకు, నేనూ చూడలేదు.

మేడమ్ కారు దిగి వచ్చింది. "ఊఁ" అంటుందనుకున్నా. అనలేదు. "రెండేళ్ళకి కాగితాలు సిద్ధం చేశాను, పొద్దున్నే సంతకం పెట్టు" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "మీ నానమ్మకి రాయి. గాలి పనికి వేరే మనిషిని పెట్టుకోవడం లేదని" అంది.

బస్సెక్కేసరికి నా సీట్లో తాతయ్య పంపు కూర్చుని ఉంది, బెల్టు పెట్టుకుని. మెకానిక్ ఇంటినుంచి మోసుకొచ్చాడు. అక్క లేచి చెప్పింది: ఇకమీదట ప్రతి రేసు తర్వాత, ఎక్కువ గాలి మోసినవాళ్ళ గదిలో ఈ పంపు ఉంటుందట. ఎవరన్నది ఓట్లతో తేలుస్తారట, ఈసారి ఆ ఓటింగు కూడా పెట్టలేదు.

నానమ్మా, నీ మాట నిలబడింది. మిగతాది కాగితం మీద కూడా రాయలేను, కాబట్టి రాయను.

గాలి నాదైన
నీ బొంగరం


సెప్టెంబరు 24

చిరంజీవి బొంగరానికి,

నీ ఉత్తరం రాకముందే మాకన్నీ తెలుసు, అయినా కొత్తగా చదివాను. "దారం తెగిన పూసల్లా" అన్నది బాగుంది. క్లాసులో అయితే పక్కన టిక్కు పెట్టేదాన్ని.

ఇక మా రేసు సంగతి విను. మీ నాన్న ఆ రోజు షాపులో టీవీ పెట్టాడు. "కస్టమర్ల కోసం" అన్నాడు. అప్పుడే ఒక పెద్దమనిషి కళ్ళ పరీక్షకి వచ్చాడు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఇనప చట్రం ముక్కు మీద పెట్టి, అద్దాలు దూర్చి, "కింది లైను చదవండి" అన్నాడు. అప్పుడే మీ మలుపు వచ్చింది. అంతే. ఆ పెద్దమనిషి కింది లైను చదివాడు, పై లైను చదివాడు, మళ్ళీ కింది లైను చదివాడు. వినే నాథుడు లేడు. పాపం ఆ చట్రంతోనే లేచి వచ్చి మా పక్కన నిలబడ్డాడు. నిన్ను ముందు గమనించింది ఆయనే. "ముందున్న ఆ పిల్ల ఎవరండీ, ఇందాకట్నుంచి ముందు ఆమే ఉంది?" అన్నాడు. టీవీలో మాట్లాడేవాళ్ళు అప్పటిదాకా అక్క పేరు తప్ప ఎత్తలేదు.

మీ నాన్న "మా అమ్మాయి" అన్నాడు. ఇన్నాళ్ళూ "అది" అన్నవాడు.

షాపులోకి వచ్చిన వాళ్ళందరికీ పాఠం మొదలుపెట్టాడు. ఎవరి ఫ్రేములు వాళ్ళు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "గాలి కుడి నుంచి వస్తోంది, చూశారా, అందుకని వెనకమ్మాయి ఎడమకి జరిగింది" అంటూ ఫ్రేముల బీరువా అద్దం మీద వేలితో గీసి చూపించాడు. నేను వాడికి ఒక్క స్కూటరు పాఠమే చెప్పాను. మిగతాదంతా ఎక్కడ నేర్చుకున్నాడంటే, వేసవి నుంచీ షాపు మూశాక మీ రేసులన్నీ పెట్టుకుని చూస్తున్నాడని మీ అమ్మ మెల్లగా చెప్పింది. ఆవిడా పక్కన కూర్చుని చూస్తోందట. నాకొక్కదానికే తెలియదు. నా కుడి చెవి సంగతి చెప్పానుగా.

అక్క గీత దాటగానే పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. చట్రంలో అద్దం ఊడి పడింది. "ఇంతకీ మీ అమ్మాయి ఎన్నోది వచ్చింది?" అన్నాడు. మీ నాన్న అద్దం ఏరుకుంటూ చెప్పాడు: "అది కాదండీ అడగాల్సింది. గాలి ఎవరిదని అడగాలి."

కళ్ళ పరీక్షలకి ఒకమ్మాయిని పెట్టుకున్నాడు. కోటు ఆ అమ్మాయికి పొట్టి. కింద అంచు విప్పి మీ అమ్మ పొడుగు చేసింది.

మీ మేడమ్‌కి నా నమస్కారాలు చెప్పు. మూడో ఉత్తరం రాయాలని చెయ్యి దురద పెడుతోంది గానీ ఆపుకున్నాను. నీ క్రియ స్థిరపడ్డట్టే: గాలి మోయడం. నిఘంటువులో వెతికాను, ఆ అర్థంలో లేదు. పక్కన ఖాళీ చోటులో పెన్సిలుతో రాశాను. ఇప్పుడుంది.

ఇక్కడి దాకా రాసేసరికి మీ నాన్న వచ్చి కాగితం ఇవ్వమన్నాడు.

నీ ఎడమ మోకాలు బయటికి పోతోంది. సీటు ఎత్తు చూపించుకో. దుమ్ము పడకుండా పక్కలు కూడా మూసే అద్దాలు చేయించాను, పంపుతున్నా. పెట్టుకునే తొక్కు. నాన్న.

పైవి మీ నాన్న వాక్యాలు. కర్తలు అక్కడక్కడా లేరు, అయినా దిద్దలేదు. కాగితం వెనక్కి ఇస్తూ కళ్ళు తుడుచుకుంటుంటే ఏమైందన్నాను. గాలికి నలుసు పడిందన్నాడు.

కిటికీలన్నీ వేసే ఉన్నాయి.

నీ
నానమ్మ